పాత కారు: గేరుబాక్సు రోగనిర్ణయము

ఈ శీర్షిక క్రింద ఇంతవఱకు కుట్టుమిషను, నీటిమోటారు, గ్యాసుపొయ్యి మొదలగు ఇంటి పరికరముల బాగోగులను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము గడప దాటి వాకిట నిలిచిన కారు కడకు పోవుదము. ఇందులకు కారణము గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు. ఆమె నడుపు బండి 1999లో కొన్న మారుతి 800. తండ్రిగారు కొనిరి, ఆయన గతించిన పిదప ఈమె చేతికి వచ్చినది. వారమునకు రెండుసారులు తల్లిగారిని పట్నములోని ఆసుపత్రికి ఈ బండిలోనే తీసికొని పోవలెను. కొన్నిదినములుగా ఏ గేరు వేయబోయినను గరగరమని చప్పుడు. రివర్సు సంగతి చెప్పనలవి కాదు. ఇంజను ఆపియున్నపుడు మాత్రము గేర్లన్నియు వెన్నలో వ్రేలు దిగినట్లు పడుచున్నవట. పనివాడు బండిని పది గజములు నడిపి చూచి, “అమ్మా, గేరుబాక్సు దింపి విప్పవలెను” అని, బండి వెలలో సగమగునంత సొమ్ము చెప్పినాడు. “ఆతని మాట నమ్మవచ్చునా? విప్పకముందు నేను చూచుకొనదగిన దేమైన కలదా?” అని ఆమె ప్రశ్న.

కలదు. ఈ వ్యాసమంతయు దానిని గూర్చియే. పనివారందఱు మోసగాండ్రని నేననను. చేతిపనిలో ఆరితేఱిన నిజాయితీపరులు వారిలో ననేకులు కలరు. కాని గేరుబాక్సు దింపుట యనగా కడుపు కోసి చూచుట వంటిది. నాడి పట్టకయే కత్తి పట్టు వైద్యుని మనమొప్పుకొందుమా? గేర్లు పడకపోవుటకు గేరుబాక్సు లోపలి విఱుగుడే కారణము కానక్కఱలేదు. క్లచ్చిలోనో, దానిని లాగు కేబులులోనో, గేరురాడ్డును బాక్సుతో కలుపు కడ్డీలలోనో, తుదకు ఎండిపోయిన నూనెలోనో దోషముండవచ్చును. వీనిలో చాలవానిని మనము ఖర్చు లేకుండ, చెవితోను చేతితోను పాదముతోను కనిపెట్టవచ్చును.

కారు మరమ్మతు స్త్రీలకేల యనువారుందురు. వారికొక్క సంగతి. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ భార్యయగు బెర్తా బెంజ్, భర్తకు చెప్పకయే, తన యిద్దఱు కుమారులతో ఆయన నిర్మించిన మోటారుబండి నెక్కి మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినది. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి బాగుచేసినది. బ్రేకులరిగిపోగా చర్మకారునిచే తోలుముక్కలు వేయించినది. మెట్టలు వచ్చినచోట బండి యెక్కలేక పిల్లలు దిగి త్రోయవలసి వచ్చినది. ఇల్లు చేరినపిదప, మెట్టలెక్కుటకు మఱియొక గేరు కావలెనని ఆమె భర్తకు చెప్పగా ఆయన అమర్చెను. కనుక గేరుబాక్సు మనకు పరాయి వస్తువు కాదు.

ఇక యంత్రపు తీరు. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము ఎల్లపుడు తిరుగుచుండును. క్లచ్చిప్లేటు అను గరుకు బిళ్లను ప్రెషరుప్లేటు బలమైన స్ప్రింగుతో ఆ చక్రమునకు అదిమిపట్టును. ఆ బిళ్లతోపాటు గేరుబాక్సు షాఫ్టును తిరుగును. మనము పెడలు నొక్కగానే రిలీజుబేరింగు ముందునకు జరిగి ఆ పట్టును వదలించును. తిరుగలి పైరాతిని కొంచెమెత్తిపట్టిన క్రిందిరాతి కంటనట్లు, ఇంజను తిరుగుచున్నను ఆ తిరుగుడు బాక్సులోనికి పోదు. ఆ సందున గేరు మార్చుకొందుము. క్లచ్చి పట్టు పూర్తిగా వదలనిచో ఎంత మంచి గేరుబాక్సైనను గరగరలాడును. ఈ యొక్క సూత్రము తెలిసిన సగము వైద్యము తెలిసినట్లే.

మొదటి పరీక్ష ఇది. బండిని సమతలమున నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, ఇంజను ఆపి, ఒక్కొక్క గేరును వేసి చూడుడు. అన్నియు సులభముగా పడినచో కడ్డీలును, గేరుబాక్సులోని ఫోర్కులును చాలవఱకు బాగున్నవని తెలియును. తరువాత న్యూట్రలులో నుంచి ఇంజను నడిపి, పెడలు నేలకంట నొక్కిపట్టి, మనసులో అయిదు లెక్కించి, రివర్సు వేసి చూడుడు. అయిదు లెక్కించునప్పటికి, క్లచ్చి విడివడినదైనచో, లోని చక్రములు తిరుగుట మానును. గేరు చప్పుడు లేక పడవలెను. అప్పటికిని గరగరమన్నచో క్లచ్చి విడుచుట లేదనియే చెప్పవలెను. జాబు వ్రాసిన సోదరి బండి లక్షణమిదియే: ఒక గేరు కాక అన్ని గేర్లును, ఇంజను నడుచునపుడే, రివర్సు మఱింత మొండిగా. ఇట్టి లక్షణము కనబడినపుడు గేరుబాక్సు జోలికి పోకముందు క్లచ్చి కేబులును చూడవలెను.

మారుతి 800లో పెడలునుండి క్లచ్చివఱకు ఒక ఉక్కు కేబులు పోవును. పెడలును చేతితో మెల్లగా నొక్కినపుడు మొదట కొంతమేర ఏ బరువును తెలియక దిగును. పిదప బరువు తగులును. బరువు తగులువఱకు దిగిన దూరమును స్కేలుతో కొలువుడు. సుమారు రెండు సెంటీమీటర్లున్న చాలును. బండితో ఇచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. అంతకు మిక్కిలి దిగినచో కేబులు సాగినదన్నమాట. పెడలు నేలకంటినను క్లచ్చి పూర్తిగా విడివడదు. బానెట్టెత్తి చూచిన, గేరుబాక్సుమీది లివరు కడ కేబులు కొసకు ఒక నట్టుండును. దానిని కొంచెము కొంచెముగా బిగించి, ప్రతిసారి పెడలును కొలిచి చూడవలెను. అతిగా బిగించుటయు తప్పే. బొత్తిగా వదులు లేకున్న బేరింగు సదా ఒత్తిడిలో నుండి అరిగిపోవును, క్లచ్చియు జాఱును. కేబులు పోగులు తెగి చీపురుకట్టవలె విచ్చియున్నచో బిగింపక క్రొత్తది వేయింపుడు. అది నడిత్రోవలో తెగినచో బండి కదలదు, తల్లిగారు లోపల కూర్చుండి యుందురు. కేబులునకు బదులు నూనెతో పనిచేయు క్లచ్చి గల బండ్లలో ఆ నూనెడబ్బాలో మట్టము తగ్గినదేమో, పెడలు వెనుకగాని గేరుబాక్సు కడగాని తడి యున్నదేమో చూడవలెను. తడి యున్నచో సిలిండరు రబ్బరులు పోయినవి. గాలి చొచ్చినచో పెడలు మెత్తగా దూదివలె నుండును. రెండు మూడుసారులు గబగబ నొక్కిన బలము వచ్చును.

కేబులు సరిగానున్నను క్లచ్చి విడువనిచో లోని ప్లేటు వంగినదో, ప్రెషరుప్లేటు వ్రేళ్లు అరిగినవో కావచ్చును. చాలకాలము కదలక వర్షములో నిలిచిన బండికి ప్లేటు త్రుప్పుతో ఫ్లైవీలునకు కఱచుకొనిపోవుటయు కద్దు.

దీనికి విరుద్ధమైన రోగము క్లచ్చి జాఱుట. గేర్లు చక్కగా పడును. కాని యాక్సిలరేటరు త్రొక్కగా ఇంజను హోరుమనును, బండి మాత్రము వేగమందుకొనదు. వంతెన యెక్కునపుడిది మొదట తెలియును. కాలిన వాసనయు వచ్చును. అన్నము మాడిన వాసన కాదు, కాగితము కాలినట్లుండును. నిశ్చయము చేసికొనుటకు బండిముందు ఎవరును లేకుండ చూచి, చక్రములకు రాళ్లడ్డుపెట్టి, హ్యాండుబ్రేకు గట్టిగా లాగి, మూడవ గేరు వేసి, కొంచెము యాక్సిలరేటరుతో క్లచ్చిని మెల్లగా విడువుడు. మంచి క్లచ్చి యైనచో ఇంజను వెంటనే ఆగిపోవును. ఆగక తిరుగుచునే యున్నచో క్లచ్చి జాఱుచున్నది. ఈ పరీక్ష ఒక్కసారి చాలును. మాటిమాటికి చేసిన మిగిలిన క్లచ్చియు కాలిపోవును. కేబులు అతిబిగువుగా నుండుటయే కారణమైనచో వదులు చేసిన సరిపోవును. లేనిచో గేరుబాక్సు దింపి ప్లేటు మార్చవలసినదే. ఇచ్చట పనివాని మాట నిజము. ఊరక పాదము పెడలుపై నుంచి నడుపువారికిని, మెట్టమీద బ్రేకు వేయక క్లచ్చితోనే బండిని నిలుపువారికిని ఈ ఖర్చు త్వరగా వచ్చును. మాయింటి మగవారిలో ఇరువుర కీయలవాటు కలదు, పేర్లు చెప్పను.

ఇపుడు చెవికి పని. ఇంజను నడుచుచుండగా న్యూట్రలులో నుంచి, పాదము పెడలుమీదనుండి తీసి వినుడు. గుఱ్ఱుమని బొంగురుధ్వని వచ్చుచు, పెడలు నొక్కగానే అది ఆగిపోయినచో, గేరుబాక్సు ముందుషాఫ్టు బేరింగు అరిగినది. పెడలు నొక్కగా ఆ షాఫ్టు నిలిచిపోవును గనుక ధ్వనియు నిలుచును. దీనికి తలక్రిందులుగా, పాదము తీసినపుడు నిశ్శబ్దముగా నుండి నొక్కినపుడే కీచుమన్నచో అది రిలీజుబేరింగు. ఈ రెంటిని కలగలిపి చెప్పువారు చాలమంది. మొదటిది గేరుబాక్సు లోపలిది, విప్పక తప్పదు. రెండవది క్లచ్చిది, బాక్సు దింపవలెను గాని దాని పొట్ట విప్పనక్కఱ లేదు. ఖర్చులో చాల భేదము.

బండి నడుచునపుడు వచ్చు ధ్వని వేఱు. ఏ గేరులోనున్నను, న్యూట్రలులో దొర్లుచున్నను, వేగమునుబట్టియే హెచ్చుచు తగ్గుచునున్న హోరు చక్రపు బేరింగుదో టైరుదో కావచ్చును. దానికి గేరుబాక్సు నిందింపరాదు. ముందుచక్రములు లాగు మారుతివంటి బండ్లలో స్టీరింగు పూర్తిగా త్రిప్పి కదలినపుడు టకటకమన్నచో సి.వి. జాయింటు పోయినదని యెఱుగుడు. వెనుకచక్రములు లాగు అంబాసిడరువంటి బండ్లలో బండి కదలునపుడు క్రిందనుండి ఠంగుమన్నచో పొడవాటి షాఫ్టు క్రాసులను చూపింపుడు. ఒక్క గేరులో మాత్రమే కూత వచ్చినచో ఆ గేరు పండ్లో దాని బేరింగో అరిగినవి. అంబాసిడరు పాత గేరుబాక్సులో నాల్గవ గేరు సూటిగా పోవును గనుక, మిగిలిన మూటిలో ధ్వని యుండి నాల్గవదానిలో తగ్గినచో క్రిందిషాఫ్టును అనుమానింపవలెను. మారుతిలో అట్టి సూటిగేరు లేదు, ఈ గుర్తు దానికి పనికిరాదు. రివర్సులో కూత వచ్చినచో కంగారు వలదు. ఆ చక్రముల పండ్లు నిటారుగా కోసినవగుటచే అది వాని సహజస్వరము.

అన్ని గేర్లును బాగుండి, ఒక్క రెండవదో మూడవదో వేయునపుడు మాత్రమే గరుకుమన్నచో అది సింక్రోరింగు రోగము. ఈ రింగు ఇత్తడిది. రెండు చక్రములు వేఱువేఱు వేగములతో తిరుగుచుండగా పండ్లు కలియక కొట్టుకొనును. ఈ రింగు ముందుగా రాపిడిపెట్టి వాని వేగమును సమముచేసి పిదప కలుపును. 1928లో కాడిలాక్ కారులకు మొదట ఈ యేర్పాటు వచ్చినది. అంతకు ముందటి డ్రైవర్లు ప్రతి గేరునకును రెండుసారులు క్లచ్చి నొక్కి, నడుమ యాక్సిలరేటరు తాకించి, వేగము సరిచూచుకొనవలసి వచ్చెడిది. రింగు పనికి రెప్పపాటు కాలము కావలెను. గేరురాడ్డును రోకలివలె పోటు పొడిచినచో రింగు త్వరగా అరిగిపోవును. అరిగిన రింగు మరల బాగుపడదు. మార్చువఱకు మాత్రము గేరును మెల్లగా వేయుచు, పైగేరునుండి క్రిందికి దిగునపుడు ఆ పాత పద్ధతిని, అనగా న్యూట్రలులో క్లచ్చి విడిచి, కొంచెము యాక్సిలరేటరిచ్చి, మరల నొక్కి, గేరు వేయుటను అవలంబింపవచ్చును. కొన్ని దినములకు చేయి అలవాటుపడును.

ఇచ్చట పాతబండ్లకొక మినహాయింపు. తొలి అంబాసిడరునకును, ఫియట్ వంశపు పద్మినికిని మొదటి గేరునకు ఈ రింగు లేనేలేదు. బండి పూర్తిగా నిలిచినగాని ఆ గేరు వేయరాదు. కదలుచుండగా వేసి గరగరమనిపించి, గేరుబాక్సు పోయినదని పనివాని పిలిచినచో తప్పు బండిది కాదు. ఆ బండ్లలో గేరురాడ్డు స్టీరింగు ప్రక్కనుండును. దానినుండి కడ్డీలు క్రిందికి పోవును. వాని బుష్షులరిగినచో రెండు గేర్ల నడుమ చిక్కుకొని రాడ్డు కదలదు. తెలిసిన డ్రైవర్లు ఇంజను ఆపి, బానెట్టెత్తి, ఆ కడ్డీలను చేతితో కదల్చి విడిపించుటను చాలమంది చూచియే యుందురు. దానికి చికిత్స బుష్షులు మార్చుట, గేరుబాక్సు కాదు.

అన్నిటికంటె భయమైనది గేరు జాఱిపడుట, అనగా వేసిన గేరు తనంతట తానే న్యూట్రలునకు వచ్చివేయుట. తిరుమల మొదటి ఘాటుమార్గము 1944లో తెఱువబడినది. ఇపుడు దిగువారు ఆ దారినే దిగుదురు. అట్టి మలుపులలో క్రిందిగేరున దిగుచుండగా గేరు జాఱినచో ఇంజను పట్టు తప్పి భారమంతయు బ్రేకులపై పడును. బ్రేకులు కాగి బలము కోల్పోవును. కనుక ఈ లక్షణమున్న బండితో కొండదారి పట్టవలదు. ఇంధనము కలిసివచ్చునని న్యూట్రలులో దిగుటయు ఇట్టి సాహసమే. కారణము వెదకునపుడు మొదట ఇంజనును గేరుబాక్సును మోయు రబ్బరు మౌంటింగులను చూడుడు. అవి చినిగినచో యాక్సిలరేటరు త్రొక్కి విడుచునపుడెల్ల గేరుబాక్సు కదలి రాడ్డును లాగివేయును. గేరురాడ్డు చేతిలో ఎగిరిపడుటయే దానికి గుర్తు. తరువాత కడ్డీల బుష్షులు. ఇవి రెండును బాగుండియు ఒకే గేరు జాఱుచున్నచో లోపల గేరును నిలిపిపట్టు గుండు, స్ప్రింగు బలహీనపడినవో, కలియు పండ్ల అంచులు గుండ్రముగా అరిగినవో; విప్పవలసినదే.

నూనె మాట మఱవరాదు. ఇంజను ఆయిలు మార్చువారిలో గేరు ఆయిలును తలచువారు తక్కువ. గేరుబాక్సు ప్రక్కన ఒక బిరడా యుండును. బండి సమముగా నిలిచియుండగా దానిని విప్పినచో నూనె ఆ రంధ్రపు అంచువఱకు ఉండవలెను. వ్రేలు పెట్టి చూచిన తెలియును. దీనికై బండి క్రిందికి పోవలసివచ్చినచో జాకీ ఒక్కదానిని నమ్మి ఎవరును దూఱరాదు. గట్టి స్టాండ్లుండవలెను, కాని స్టాండ్లపై బండి అన్నివైపుల సమముగా నిలువవలెను. మట్టము తక్కువైనచో ఎచ్చట కారుచున్నదో కనుగొనక ఊరక పోసిన లాభము లేదు. తీసిన నూనెను తెల్లగుడ్డమీద పోసి చూడుడు. సన్నని మెఱుపుపొడి వయసుతో వచ్చునది. పులుసులో ముక్కలవలె ఇనుపతునుకలు తగిలినచో చక్రములు విఱుగుచున్నవి. క్రొత్త నూనె కొనునపుడు డబ్బాపై జి.ఎల్.-4, జి.ఎల్.-5 అను గుర్తులుండును. పెద్ద అంకె మంచిదని కొనవలదు, జి.ఎల్.-5 నూనెలు కొన్నిటిలోని మందు ఇత్తడి రింగులను తినివేయును. పుస్తకములో నేది వ్రాయబడెనో అదియే పోయవలెను.

ఇన్ని చూచినపిదపను గేరుబాక్సు దింపకతప్పనిచో దింపింపుడు. దింపుటకే కూలి ఎక్కువ. కావున క్లచ్చి కొఱకు దింపినపుడు ప్లేటు, ప్రెషరుప్లేటు, రిలీజుబేరింగు మూడును ఒకమాఱే మార్చుట మేలు. ఇంజను వెనుక ఆయిలుసీలును, గేరుబాక్సు సీళ్లను అప్పుడే చూపింపుడు; పాతసీలు కాఱి క్రొత్తప్లేటు తడిసినచో పని మొదటికి వచ్చును. ఫ్లైవీలుపై నల్లని మచ్చలు, గాళ్లు ఉన్నచో నునుపు చేయింపవలెను. గేరుబాక్సే విప్పినచో ప్రతి సింక్రోరింగునకు గేరునకు నడుమ సందు ఎంత మిగిలినదో ఫీలరుగేజితో కొలిచి చెప్పుమనుడు. “అన్నియు పోయినవమ్మా” యను మాట కొలత కాదు. “నాయనా, ఏది పోయినదో నా కన్నులకు చూపుము, పాతసామానంతయు నాకు ఇచ్చివేయుము” అని ముందుగానే చెప్పి, పని పట్టీ వ్రాయించుకొనుడు. మనము నిలుచుండి యడుగుచుండగా ప్రక్కనున్న పురుషునివైపు తిరిగి జవాబు చెప్పు పనివారు కొందఱు కలరు. వారికి ఆ ప్రశ్ననే మరల ఒకమాఱు నెమ్మదిగా వేయుడు. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినను దాని సామాను మన పట్టణములలో దొరకుచునే యున్నది. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల అంబాసిడరు గేరుబాక్సు విప్పి బిగింపగల పాతచేతులు ఇంకను కలవు.

బిగించిన పిదప డబ్బు చెల్లింపకముందే, పనివానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీరే నడుపుడు. ఒక్కొక్క గేరును ఎక్కించి దింపి, ఒక మెట్ట యెక్కి, ఇంజను వేడెక్కినపిదప రివర్సు వేసి చూడుడు. ఆ రాత్రి బండి క్రింద ఒక పాతకాగితము పఱచి యుంచుడు. తెల్లవాఱునప్పటికి దానిపై నూనెచుక్క యున్నచో ఆ కాగితమునే చేతబట్టుకొని అంగడికి పోవలెను.